సూడు అంటే వదిలేశాను

అరవైల్లో మాట. మాది మంజీర అవతలి మరాఠీ ఊరు. పెళ్ళయి బోధన్ దగ్గరి అత్తవారింటికి వచ్చిన కొత్తలో నాకు తెలుగు రాదు. ఒక పొద్దున మా ఆయన నన్ను నదికి తీసుకెళ్ళారు. నీళ్ళ మీద పొగమంచు, గాలిలో బెల్లం వండే వాసన, అంతా కలలా ఉంది. తవుడు, బెల్లం కలిపిన ముద్దకు పెద్ద బొచ్చె చేప తగులుకుంది. గాలం తాడు నా చేతికిచ్చి ఆయన నీళ్ళలోకి దిగారు. తళతళలాడే వీపు పైకి తేలగానే "సూడు! సూడు!" అని అరిచారు.

మరాఠీలో 'సోడ్' అంటే వదలమని. వదిలేశాను.

చేప తాడుతో సహా పోయింది. "మీరే కదా సోడ్ అన్నారు!" అని మరాఠీలోనే ఏడ్చాను. అర్థమై ఆయన మొలలోతు నీళ్ళలో విరగబడి నవ్వారు. దగ్గరికొచ్చి, "సూడు అంటే గిట్ల," అని నా కళ్ళలోకి చూశారు.

నేను నేర్చిన మొదటి తెలుగు మాట అదే. పెళ్ళయ్యాక ఆయన మొహం సరిగ్గా చూసిందీ అప్పుడే.