‘ప్రా’ అని రాసిన కేసెట్

నిన్న పొద్దున ఏడింటికి ఆనంద్ ఫోన్ చేసి, "మణక్కా, అక్క ఇక లేదు" అన్నాడు.

"ఏ అక్కరా?" అన్నాను. సిగ్గులేకుండా అలా అడిగాను. వాడికి ఉన్నది ఒక్కతే అక్క.

మా ఎస్తేరు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. గురువారమే కదా మాట్లాడింది! "లాప్‌టాప్ స్లో అయిందని కొత్తది కొనేయకు. ఆదివారం వచ్చి చూస్తా" అంది. ఆ ఆదివారం ఇంకా రానేలేదు.

మా సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఎనభైల చివర్లో ఇద్దరం గుంటూరులో డిగ్రీ కలిసి చదివాం. నాది ప్రత్తిపాడు, పత్తి వేసే ఇల్లు. తనది నల్లపాడు. వాళ్ళ నాన్న చర్చిలో అయ్యగారు. తను ఇంటర్‌లో ఉండగానే పోయారు. ఓడలో పనిచేసే మేనమామ తనకి సింగపూర్ నుంచి ఒక హోమ్ కంప్యూటర్ తెచ్చిచ్చాడు.

కీబోర్డంత డబ్బా అది. టీవీకి, టేప్ రికార్డర్‌కి తగిలించాలి. ప్రోగ్రాములు మామూలు పాటల కేసెట్లలోనే దాచుకోవాలి. ఒక్కటి లోడ్ అయ్యేసరికి పొయ్యి మీద అన్నం ఉడికిపోయేది.

మా ఇంట్లో స్లో అంటే తెలిసిన వైద్యం ఒక్కటే. నూనె. కుట్టు మిషనైనా, సైకిలైనా, చేలో మందు కొట్టే స్ప్రేయరైనా రెండు చుక్కలు పడితే పరిగెత్తాల్సిందే. అందుకని నేను నూనె సీసా పట్టుకుని వెళ్ళాను.

"ఒసేయ్ పత్తిగింజా! దీనికి కావాల్సింది నూనె కాదే, శుభ్రం!" అని సీసా లాక్కుంది.

స్పిరిట్‌లో ముంచిన దూదితో టేప్ రికార్డర్ హెడ్ తుడవడం తనే నేర్పింది. మిరప కళ్ళాల దుమ్ము పడకుండా, వాడనప్పుడు గుడ్డ కప్పడం కూడా. నేను అతి తెలివితో నడుస్తున్నదాని మీదే తువ్వాలు కప్పాను. అది వేడెక్కి మొరాయించింది. ఆ రోజు ఎన్ని తిట్లు తిన్నానో!

కాలేజీ ఎగ్జిబిషన్ కోసం మా క్లాసు మార్కులన్నీ వరసలో పేర్చే ప్రోగ్రాం రాశాను. నత్తనడక. ఒక్కో పేరు కదిలినప్పుడల్లా లిస్టంతా టీవీలో చూపించమని రాశాను మరి.

"అడుగడుక్కీ నాకు చూపించు, నాకు చూపించు అంటే అది పనెప్పుడు చేస్తుందే? దాని పని దాన్ని చేసుకోనివ్వు. చివర్లో ఒక్కసారి చూద్దాం" అంది.

ఆ లైన్లు తీసేసింది. అంతే, చకచకా పరిగెత్తింది. ఇద్దరం గంతులేశాం.

వేసవి కాలం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోతే టైప్ చేసిందంతా గోవిందా. ఎస్తేరు మంచినీళ్ళకని లోపలికి వెళ్ళింది. నేను కంగారులో షెల్ఫులోంచి ‘ప్రో’ అని రాసిన కేసెట్ తీసి, మొదటికి తిప్పి, రికార్డు నొక్కాను.

అది ‘ప్రో’ కాదు. ‘ప్రా’.

ప్రోగ్రాం కాదు. ప్రార్థన.

ఆ కేసెట్ మొదట్లో ఐదు నిమిషాలు అయ్యగారి ప్రార్థన ఉండేది. తర్వాతంతా చర్చి క్వయర్ పాటలు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

ఆదివారం దాకా మాకు ఆ సంగతే తెలియదు. చర్చి నుంచి రాగానే వాళ్ళమ్మ ఆ కేసెట్ పెట్టుకోవడం అలవాటు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆంటీ పైట నెత్తి మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించింది.

కీచుమంటూ ప్రోగ్రాం మోత.

ఆంటీ ఉలిక్కిపడి వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మోత.

ఎస్తేరు కేసెట్ తీసి చూసింది. నా వైపు చూసింది. అర్థమైపోయింది.

"నేనేనమ్మా. చూసుకోకుండా దీంట్లో ఎక్కించేశాను" అంది.

ఆంటీ కొట్టినా బాగుండేది. "మీ నాన్నని రెండోసారి చంపావు కదే" అని గోడకి ఆనుకుని కూలబడింది. నేను నోరు తెరవబోతే ఎస్తేరు నా కాలు తొక్కింది.

తర్వాత బస్టాపులో అంది, "నువ్వని తెలిస్తే అమ్మ నిన్ను గడప తొక్కనివ్వదు. నీకు కంప్యూటర్ ఇంకెక్కడ దొరుకుతుందే? నన్నైతే ఏం చేస్తుంది, కన్నది కదా!"

నేను సరే అన్నాను.

సిగ్గు లేదూ? సరే అన్నాను.

ఆంటీ ఎస్తేరుతో మళ్ళీ సరిగా మాట్లాడటానికి నెలలు పట్టింది. నేను మాత్రం రోజూ వెళ్ళి దర్జాగా ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్న నాలుగు ముక్కలతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇవాళ నలుగురు నన్ను మేడం అంటున్నారు.

ఆంటీ పోయేదాకా చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు.

ఇవాళ పొద్దున సమాధుల తోటలో ఆనంద్ మాట్లాడాడు. ఏడుస్తూనే నవ్వించాలని చూశాడు పాపం. "మా అక్క కంప్యూటర్ పిచ్చిలో మా నాన్న గొంతు చెరిపేసింది. నాకు ఆయన గొంతెలా ఉంటుందో కూడా గుర్తు లేదు. అయినా అక్కని నేనెప్పుడో క్షమించాను" అన్నాడు.

పూలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అందరితోపాటు అవి సమాధి మీద పెట్టి వచ్చేశాను.

ఆనంద్, ఇది చదువు నాన్నా. మీ అక్క చెయ్యలేదు. నేను చేశాను. నువ్వు క్షమించాల్సింది నన్ను. క్షమించలేకపోతే అదీ న్యాయమే.

ఎస్తేరూ, వెళ్ళిరావే. ఇన్నేళ్ళకి మీ నాన్న గొంతు వింటావు. అమ్మ కనబడితే నిజం చెప్పెయ్. ఈసారి నన్ను కాపాడకు.

హాయిగా నిద్రపో తల్లీ.