బీపీ లేని మావయ్యకు బీపీ బిళ్ళ

మొన్న పొద్దున బందరులో మా వీధి మెడికల్ షాపులో నా బీపీ బిళ్ళలు తీసుకుంటుంటే, పక్కన నిలబడ్డ ఒకావిడ తన అన్నయ్య చీటీ చూపించి, నొప్పి మాత్రల అలవాటు మాన్పించడానికి బీపీ మందు రాశారేమిటండీ అని అడుగుతోంది. ఆ మాట చెవిన పడగానే నేను చల్లపల్లిలో మేనత్తగారి పెంకుటింటి వసారాలో ఉన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడే ఉండేవాణ్ణి. అత్తయ్య భర్త, మా మావయ్య, ధాన్యం వ్యాపారి. ఒకసారి బస్తా మీద పడి నడుము దెబ్బతింటే, నొప్పికని మొదలుపెట్టి నల్లమందు మరిగాడు. నొప్పి ఎప్పుడో పోయింది, కాఫీతో వేసుకునే ఆ ఉండ మాత్రం మిగిలింది. వానైనా ఎండైనా పడక్కుర్చీలో కళ్ళు అరమోడ్చి ఒకేలా నవ్వుతూ ఉండేవాడు. కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నాక, కునికిపాట్లు పడే మనిషికి పసిగుడ్డును ఎలా ఇవ్వనంటూ అత్తయ్య, చేతులు చాచిన మావయ్యకు అందకుండా పిల్లను వెనక్కి తీసుకుంది. ఆ రోజే మావయ్య మానేస్తానన్నాడు.

మానేసరికి చెమటలు, వణుకు, కాళ్ళ పీకులు. గుడివాడ డాక్టరుగారు రక్తపోటుకు వాడే చిన్న బిళ్ళ రాసి, ఒంట్లో రేగిన అలజడిని ఇది అణుస్తుందని చెప్పారు. వణుకు నిజంగానే తగ్గింది. కాని బీపీ బిళ్ళ అనగానే అత్తయ్య, మా వైపు ఆడవాళ్ళందరిలాగే, ఆ పూట నుంచే ఉప్పు మానిపించింది. చప్పిడి పప్పు, చప్పిడి మజ్జిగ. ఆవకాయ జాడీ అటకెక్కింది. మావయ్య లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడబోయేవాడు. దీనికన్నా ఆ ఉండే నయమనేదాకా వచ్చాడు.

మళ్ళీ గుడివాడ తీసుకెళ్ళాం.

"ఆయనకు బీపీ లేదమ్మా. ఈ బిళ్ళే బీపీని దించుతుంది, పైన మీరు ఉప్పు కూడా మానిపించారు" అన్నారు డాక్టరుగారు, మోతాదు తగ్గించి రాస్తూ.

"లేనాయనకి బీపీ బిళ్ళ రాస్తారని మాకేం తెలుసండీ" అంది అత్తయ్య తగ్గకుండా.

"ముందు ఆవకాయ దింపవే" అన్నాడు మావయ్య నీరసంగా.

ఆ తర్వాతి రోజులు కలలోలా గుర్తున్నాయి. తడి తువ్వాలుతో అత్తయ్య, కాళ్ళు నొక్కుతూ నేను, కాలవ మీంచి వచ్చే చల్లగాలి. వణుకు అణిగాక ఆ బిళ్ళను కూడా డాక్టరుగారే మెల్లగా తగ్గించి మాన్పించారు. ఒక సాయంత్రం అత్తయ్య పిల్లను తెచ్చి మావయ్య చేతుల్లో పెట్టి, కాపలా నిలబడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. రోజూ డైరీ రాసే నేను ఆ పూట రాయడం మరిచిపోయాను.

ఇప్పుడు ఏ బిళ్ళ ఎందుకో ఫోనే చెబుతోంది. ఒక మనిషి ఒక అలవాటు వదిలించుకోవడానికి ఇల్లంతా పనులు మానుకుని చుట్టూ కూర్చునే తీరిక మాత్రం మనలో ఎవరి దగ్గర మిగిలిందో, నాకు తెలియదు.