జేబులో పెన్ను

తిరుమలేశ్ చొక్కా నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులే, అయినా జేబులో పెన్ను మాత్రం ఉండాల్సిందే. తన ఊరు చిక్కసూగూరు నుంచి కరెంటు ప్లాంటుకు సైకిల్ మీద పోతాడు, బాయిలర్ గొట్టాలకు వెల్డింగ్ చేస్తాడు, కనురెప్పల మీద బూడిదతో తిరిగొస్తాడు. చదివింది బీకాం. "పెన్నుతోటి గొట్టాలు అతుకుతవా ఏంది?" అని పక్కింటి రంగవ్వ దెప్పితే పెన్ను సర్దుకుంటాడు, అంతే.

మొన్న మస్కట్‌లో సూపర్‌వైజర్ పని ఖాయమైంది. ఆ పనిలో పెన్ను పట్టుకోవచ్చు. వీసా మాత్రం రాలేదు, దానికి ఇంజనీరింగ్ చదువు ఉండాలట. "బీకాం సంగతి మర్చిపో అన్నా. పదో తరగతే అని చెప్పి ఉత్త వెల్డర్‌గ పో" అన్నాడు ఏజెంటు. తిరుమలేశ్ సరేనని తలూపి ఊరికి తిరుగు బస్సెక్కాడు.

ఏటా ఆయుధపూజకు వెల్డింగ్ ముసుగు, సుత్తి, వాటి పక్కన పెన్ను పెట్టి అన్నిటికీ కుంకుమ పెట్టేవాడు. ఈసారి పెన్ను జేబులోనే ఉండిపోయింది.

"ఏందయ్యా, నీ చదువుల తల్లి అలిగిందా? పెన్నుకు బొట్టు పెట్టవా?" అంది భార్య సత్యభామ.

"అది పనిముట్టు కాదంటలే" అని కొబ్బరికాయ కొట్టాడు.