ఖాళీని ఖాళీ అన్న మేడమ్

సుభద్ర గారు ఇక లేరన్న వార్త సోమవారం ఉదయం గవర్నర్‌పేటలో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. నమ్మలేక ఆమె చేరిన ఆస్పత్రికి ఫోన్ చేశాను. నిజమేనన్నారు. విజయవాడలో జీవరసాయన శాస్త్రం బోధించి రిటైరైన ఆ విదుషీమణి నాకు పరిశోధన నేర్పిన గురువు.

ఆమె జీవితకాల తపస్సంతా ఒక్క ఎంజైము మీదే సాగింది. ఊపిరితిత్తులకు పట్టే ఒక మొండి బాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైము అది. దాన్ని ఆపితే ఆ క్రిమి బతకదు. దాన్ని స్ఫటికంగా పెంచి, ఎక్స్‌రేలతో రూపం చూసి, అందులోని చిన్న గుంటలో ఇమిడే మందును వెతకడం ఆమె వ్రతం.

స్ఫటికం కనబడగానే సంబరపడే ఆచారం మా ల్యాబులో లేదు. ముందు సూదితో పొడిచి చూడాలి. కటుక్కుమంటే ద్రావణంలో మేం కలిపిన ఉప్పు, మెత్తగా చితికితే ఎంజైము. ఒక్కటే దొరికినా పొడవాల్సిందే. "ఏడ్చేదేదో ఇవాళే ఏడ్చెయ్యమ్మా, ఏడాది పోయాక ఎందుకు?" అనేవారు. నా మొదటి స్ఫటికం ఉప్పే. మాది బందరు వైపు ఉప్పుచేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. "మీ ఇంట్లో ఉప్పు చాల్లేదా, ఇక్కడా పండిస్తున్నావు?" అని ఏడిపించారు.

ఒకసారి ఆ గుంటలో మేం పరీక్షిస్తున్న మందు కూర్చున్నట్టే ఎక్స్‌రే చిత్రం వచ్చింది. వ్యాసం రాశాం, పత్రిక అంగీకరించింది, కాలేజీలో సన్మానానికి శాలువా కూడా కొన్నారు. ఆమె మాత్రం ఆ చిత్రాన్ని మళ్ళీ ముందేసుకు కూర్చుని, రెండు రోజుల తర్వాత నన్ను పిలిచారు.

"ఇది మన మందు కాదమ్మా. స్ఫటికాన్ని చల్లబరిచేటప్పుడు పగలకుండా మనం పోసిన గ్లిజరిన్."

"మందే అయ్యుండొచ్చు కదండీ?"

"మనకు కావాలి గనక అలా అనిపిస్తోంది."

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఆ శాలువా ఇంకొకరికి కప్పారు, రావలసిన పదోన్నతీ రాలేదు. అప్పట్లో నాకు ఒళ్ళు మండిపోయింది.

కిందటి నెల న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరారు. మందులు పనిచెయ్యడం లేదని డాక్టరు గారు చెబితే, క్రిమి పేరు అడిగి తెలుసుకుని నా వైపు తిరిగారు. "మనదేనమ్మా."

నాకు దుఃఖం ఆగలేదు. "ఆ రోజు అది మందే అయ్యుంటే..." అన్నాను.

"కాదుగా! అయిందని రాసుంటే ఇక ఎవరూ ఇటు చూసేవాళ్ళు కాదు. ఆ గుంట ఇంకా ఖాళీగానే ఉందని తెలిసింది గదా, వెతకండి."

తనకు ప్రాణావసరమైనప్పుడు కూడా ఆ సత్యనిష్ఠ సడలలేదు. అలాంటి గురువు మాకు మళ్ళీ దొరకరు.

అంత్యక్రియలయిన మర్నాడు ల్యాబుకు వెళ్ళాను. ఇప్పుడు దాన్ని నేనే చూసుకుంటున్నాను. నా విద్యార్థిని కొత్త స్ఫటికం చూపించింది. సూది తీసుకుని పొడిచాను. కటుక్కుమంది. ఏడ్చేదంతా ఆ రోజే ఏడ్చేశాను.