హోబర్ట్ రివాల్వర్‌కి పట్టిన తుప్పు

హోబర్ట్ సైజ్‌మోర్ పెళ్ళాన్ని కాల్చడానికే రివాల్వర్ తోముతున్నాడని సోర్‌వుడ్ లోయంతా చెప్పుకుంది. ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. డెల్ఫియా అతన్ని వదిలేసి అక్క పంచన చేరిందట, ఆమె సంగతి తేల్చడానికి అతను బయలుదేరుతున్నాడట. ఇందులో నిజం రెండే ముక్కలు. డెల్ఫియా అక్క ఇంట్లో ఉంది. హోబర్ట్ రివాల్వర్ తోముతున్నాడు. మిగతాదంతా గ్యాసు బంకు పక్కన లాటీ కొట్లో, కాఫీ కప్పుల మధ్య పుట్టింది.

లాటీ ఆ పొద్దున కారులో వస్తూ వరండాలో హోబర్ట్‌ని చూసింది. ఒళ్ళో గుడ్డ, గుడ్డ మీద తుపాకీ. చెయ్యి ఊపితే తిరిగి ఊపలేదట. ఆమెకి ఆ మాత్రం చాలు.

ఐసీ ఫ్యూగేట్ ఉప్పు కోసం కొట్లోకి వెళ్ళి, ఈ మాట చెవిన పడగానే ఉప్పు సంగతే మరిచిపోయింది. లోయలో ఎవరింట ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెప్పగల మనిషి ఆమె. ఎవరింట ఏమీ ఉడకడం లేదో కూడా ముందు ఆమెకే తెలుస్తుంది.

డెల్ఫియాకి ఫోన్ చేసి ఇంటికి రావద్దని చెబుతానంది లాటీ. షెరీఫు చెవిన కూడా వేస్తానంది.

"దాని అక్కకి మోకాలు ఆపరేషనైతే వండిపెట్టడానికి వెళ్ళిందే. కారులో దింపింది నేనే," అంది ఐసీ. "మొగుణ్ణి వదిలేసిపోయేది కుండెడు బీన్స్ వండిపెట్టి మరీ పోతుందా?"

"మరి తుపాకీ ఎందుకత్తా?"

లాటీ భయం ఒకటి, ఐసీ భయం మరొకటి. ఆ తూటా డెల్ఫియా కోసం కాదని ఐసీకి తెలుసు. హోబర్ట్ దాన్ని తన కోసమే తోముకుంటున్నాడేమోనని ఆమె భయం. తాను వచ్చేదాకా ఫోను ముట్టుకోవద్దని లాటీ చేత ఒట్టు వేయించుకుంది.

హోబర్ట్ మీసాలు రాకముందే తండ్రి వెంట బొగ్గు గనిలో దిగాడు. గని పైకప్పుని చేత్తో తట్టి, అది నిలుస్తుందో కూలుతుందో చెప్పేవాడు. మాట తక్కువ. చర్చిలో పాడేటప్పుడు మాత్రం అతని బొంగురు గొంతు లేకపోతే పాటకి కాళ్ళు లేనట్టుండేది. గని మూతపడ్డాక వచ్చిన చలికాలం అతను చర్చి మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. కిటికీ ముందు కుర్చీ వేసుకుని, ఎదురుగా ఉన్న కొండని చూస్తూ కూర్చున్నాడు. డెల్ఫియా కళ్ళ కింద నలుపు దిగింది. రాత్రి అతను పక్క మీద కదిలితే చాలు, ఆమె లేచి కూర్చునేది. ఆ తర్వాత ఏదో ఒకనాడు హోబర్ట్ గడ్డం గీసుకున్నాడు, పెరట్లో టమాటా నారు పోశాడు. ఆ చలికాలం గురించి అతన్ని ఎవరూ అడగలేదు. అన్నీ అడిగే ఐసీ కూడా అడగలేదు.

ఆమె వేడి మొక్కజొన్న రొట్టె గుడ్డలో చుట్టుకుని వెళ్ళింది. వరండా మెట్ల దగ్గరే కిరసనాయిలు వాసన కొట్టింది.

"రొట్టె ఇవ్వడానికొచ్చావా అక్కా, తుపాకీ చూడటానికొచ్చావా?" అన్నాడు హోబర్ట్. ఆమె తమ్ముడూ అతనూ ఒకే బడిలో చదివారు, అందుకే ఆమె అతనికి అక్క.

"రెండిటికీ వచ్చాను. కాస్త జరుగు."

కూర్చుంటూనే ఐసీ చూసింది తూటాల చక్రం వైపు. అది పక్కకి తెరిచి ఉంది. గదులన్నీ ఖాళీ. ఆమె రొట్టె మూట ఒళ్ళో పెట్టుకుంది.

ఇంట్లో తోమితే ఆ వాసన డెల్ఫియా వచ్చేదాకా పోదని వరండాలోకి తెచ్చుకున్నాడట. రివాల్వర్ అతని తండ్రిది. ఆయన దాన్ని రైల్వేలో పనిచేసే ఒకాయన దగ్గర పాతదిగానే కొన్నాడు. పిడి చెక్క అప్పటికే ఎవరి అరచేతిలోనో అరిగి ఉంది. ఇప్పుడు గొట్టం పొడుగునా ఎర్రగా, దాల్చినచెక్క పొడి చల్లినట్టు తుప్పు. హోబర్ట్ దాని మీద నూనె వేసి నాననిచ్చి, పెన్నీ అనే పాత రాగి నాణెం అంచుతో మెల్లగా గీకుతున్నాడు. రాగి మెత్తన, ఇనుము మీద గీత పెట్టదు. గట్టిగా రుద్దితే తుప్పుతో పాటు ఇనుముకి వేసిన నీలిపూత కూడా లేచిపోతుంది. సందుల్లో పాత పళ్ళ బ్రష్షు ఆడించాడు. పైపైనే పట్టింది, లోపలికి తినలేదన్నాడు.

"తోలు ఒరలో పెట్టి వదిలేశారు. తోలు చెమ్మ పీల్చుకుంటుంది కదా."

"తుపాకుల ఇంట్లో పుట్టినవాడివి, ఆ మాత్రం తెలియదురా నీకు?"

హోబర్ట్ రివాల్వర్‌ని రెండో వైపు తిప్పాడు. అక్కడ, పిడికి పైన నున్నటి ఇనుము మీద, తుప్పుతో అచ్చు వేసినట్టు ఒక బొటనవేలి ముద్ర. చిన్న వేలు. ముద్రకి అడ్డంగా ఒక గీత.

ఆ గీత ఐసీకి తెలుసు. పచ్చడి సీసా పగిలి డెల్ఫియా వేలు తెగిన రోజు గుడ్డ కట్టింది తానే. డెల్ఫియా చేతి చెమటలో ఏముందో గాని, ఆమె ముట్టుకున్న ఇనుము తుప్పు పట్టక మానదు. చర్చిలో ఆడవాళ్ళు కూర్చుని బొంతలు కుట్టేటప్పుడు తమ సూదులు ఆమెకి అందకుండా దాచుకుంటారు, దానికి ఆమే అందరికంటే ముందు నవ్వుతుంది. తుపాకుల సంగతి తెలియనిది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

"ఇది ఎక్కడుందిరా?" అని అడిగింది ఐసీ, గొంతు తగ్గించి.

"నేలమాళిగలో. బీట్‌రూట్ ఊరగాయ సీసాల వెనకాల."

"ఆ చలికాలమేనా?"

అతను తలూపాడు. బొటనవేలి ముద్ర మీద నూనె చుక్క వేసి ఆగాడు. వదిలేస్తే ఇనుముని తినేస్తుందని, తనకే సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు గొణిగాడు. ఈ వసంతంలో వానలకి నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయి. నాన్న వస్తువు అక్కడే పుచ్చిపోతుందేమోనని ఒకటే దిగులట. డెల్ఫియా తిరిగి వచ్చేలోపు శుభ్రం చేసి, ఈసారి ఒరలో కాకుండా నూనె గుడ్డలో చుట్టి, మళ్ళీ అక్కడే పెట్టేస్తాడట.

పెన్నీ మళ్ళీ ఆడింది. ముద్ర అంచు నుంచి మసకబారుతూ గుడ్డకి ఎర్రగా అంటుకుంది. ఐసీ ఒళ్ళో రొట్టె చల్లారిపోతోంది.

"లాటీ అక్కడ ఫోను పక్కన కూర్చునుంది. నువ్వు దీన్ని పట్టుకున్నావని తెలిస్తే డెల్ఫియాకి అక్కింట్లో ముద్ద దిగదు," అంది. ఇన్నాళ్ళూ అడగనిది ఇక అడగక తప్పలేదు. "సూటిగా అడుగుతున్నా హోబర్ట్. ఎక్కడుందో నీకు తెలియనన్నాళ్ళూ దానికి ధైర్యం. ఇప్పుడు తెలిసిపోయింది. మళ్ళీ అలాంటి చలికాలం వస్తే ఏం చేస్తావు? డెల్ఫియాకి నన్నేం చెప్పమంటావు?"

హోబర్ట్ పెన్నీని గుడ్డకి తుడిచి, వరండా పిట్టగోడ మీద పెట్టాడు.

"కొత్తగా తెలియడమేంటక్కా. దాచిన రోజే తెలుసు. నేలమాళిగ తలుపు కిర్రుమంటే కుర్చీలోంచి విన్నాను. చాన్నాళ్ళ తర్వాత ఆ రాత్రే డెల్ఫియా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. దాని నిద్ర చూశాక నాకు తుపాకీ కోసం కిందికి దిగబుద్ధి కాలేదు."