సమోవా అమ్మమ్మ కోతిచేష్టలు

మొన్న శనివారం మా కింది అంతస్తులో ఉండే, పసిఫిక్ దీవుల్లోని సమోవా నుంచి వచ్చిన ఆవిడ తన మనవరాలి పుట్టినరోజుకు పిలిస్తే, మా అమ్మాయినీ ఐదేళ్ళ మనవరాలినీ వెంటబెట్టుకుని వెళ్ళి, సుష్టుగా తిని, ఒళ్ళంతా కుళ్ళుతో తిరిగి వచ్చాను. ఈ వయసులో అసూయేమిటని నవ్వుకోకండి, మీ ఈడుదాన్నే, దాచుకోవడం నాకు చేతకాదు.

బయట మామూలు హాంబర్గ్ వాన. హాల్లో సోఫాలు గోడకు జరిపేశారు. పదిహేనేళ్ళ ఆ పిల్ల మధ్యలో నిలబడి, తొణక్కుండా, చేతులు మెల్లగా కదుపుతూ వాళ్ళ సివా నాట్యం ఆడుతుంటే, డెబ్భై ఏళ్ళ ఆ అమ్మమ్మ చుట్టూ కేకలు పెడుతూ గెంతి గెంతి చివరికి నేలమీద పొర్లింది. ఈవిడకేమైంది రా దేవుడా అనుకున్నాను. అది వాళ్ళ ఆచారమట. పిల్ల మరింత హుందాగా కనబడాలని ఇంటి పెద్దలు పక్కన కోతిచేష్టలు చేస్తారట, నీ వెనక మేమున్నామని అలా చెబుతారట.

ఆ మాట వినగానే నాకు ముప్ఫయ్యేళ్ళ కిందటి ఎండాకాలం గుర్తొచ్చింది. నేను ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. మా అమ్మ జగిత్యాల నుంచి మూడు నెలలకని వచ్చి, వంటింట్లో స్టూలు చుట్టూ తిరుగుతూ మా అమ్మాయికి బతుకమ్మ అడుగులు నేర్పింది. కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, వేడుక రోజున నా బిడ్డ నలుగురి మధ్యా ఒంటరిగా నిలబడి బెదురుతూ చప్పట్లు మొదలుపెట్టిందో లేదో, మా అమ్మ కొంగు నడుముకు చుట్టి, "ఆడు బిడ్డా, నేనున్న" అంటూ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. తలలన్నీ ఇటు తిరిగాయి. మా ఆఫీసు పెద్దాయన భార్య కూడా అక్కడే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. పరుగున వెళ్ళి అమ్మ జబ్బ పట్టి లాగాను. "కూసో అమ్మా, అందరు చూస్తున్నరు."

అమ్మ కూర్చుంది. పిల్ల లేపిన చేతులు లేపినట్టే ఆపి, వచ్చి అమ్మమ్మ ఒళ్ళో మొహం దాచుకుంది. ఆ తర్వాత అది మళ్ళీ ఎక్కడా ఆడలేదు, అమ్మ మళ్ళీ ఆ స్టూలు చుట్టూ తిరగలేదు.

ఇవన్నీ తలచుకుంటూ ఉండగానే మా మనవరాలు తనంతట తనే మధ్యలోకి వెళ్ళి చేతులు తిప్పడం మొదలుపెట్టింది. ఆ సమోవా ఆవిడ ఇప్పుడు దాని చుట్టూ గెంతసాగింది! ఒళ్ళు మండిపోయింది నాకు. నా మనవరాలి చుట్టూ గెంతాల్సింది నేను కదా, ఈవిడెవరు? మోకాళ్ళు కలుక్కుమంటున్నా లేచి, చప్పట్లు కొడుతూ, "ఆడు బిడ్డా, నేనున్న" అంటూ సగం చుట్టు తిరిగాను.

మా అమ్మాయి గబగబా వచ్చి నా జబ్బ పట్టుకుంది. కోపమేమీ లేదు, జర్మన్‌లో మెత్తగానే చెప్పింది, కూర్చో అమ్మా, అందరూ చూస్తున్నారని.

కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో మారింది ఆ మాట చెప్పే భాష ఒక్కటే. మా అమ్మాయిని తప్పుపట్టలేను, నా దగ్గర నేర్చుకున్నదే. మనవరాలు మాత్రం ఆగకుండా ఆడుతూనే ఉంది, నా వైపు చూడనైనా లేదు, నేలమీద పొర్లుతున్న ఆవిడనే చూస్తూ నవ్వుతోంది.