ఆ మనిషి చోట కూర్చుని చెప్పు

మొన్న తిరుపతిలో మా మనవరాలి బడికి వెళితే, పిల్ల ఎప్పుడు చూసినా కథల పుస్తకం పట్టుకుని కూర్చుంటోందనీ, ఆ అలవాటు మాన్పిస్తే ర్యాంకు దానంతటదే వస్తుందనీ అక్కడి టీచరమ్మ సెలవిచ్చింది, మా అబ్బాయి బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కథలు చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లను చూస్తే నాకు మా మామగారు గుర్తొస్తారు, ఆయన గుర్తొస్తే మా చిన్న తోడికోడలు గుర్తొస్తుంది, ఇక ఆ పూట అన్నం సయించదు.

తొంభైల్లో మాది పలమనేరు దగ్గర ఉమ్మడి కాపురం. శివరాత్రి దాటి చింతకాయ ఇల్లు చేరిందంటే మధ్యాహ్నాలు మా వసారా నిండా ఆడవాళ్లే. వాళ్లు కాయ కొట్టి గింజ తీస్తుంటే నేను వారపత్రికలో సీరియల్ పైకి చదవాలి. చదువుకున్న కోడలినని నాకు కాయ కొట్టే పని తప్పినందుకు కొందరు మూతి విరిచేవాళ్లు కూడా. మా అత్తకు అక్షరం రాదు గాని ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. కథలో మనిషిని ఎవరు తిట్టినా, తిట్టినామె ఆ మనిషి చోట కూర్చుని, తానే ఆ మనిషైనట్టు, ఎందుకలా చేసిందో చెప్పాలి, అంతదాకా నేను తర్వాతి ముక్క చదవకూడదు. నోటి దురుసున్నవాళ్లకే పని ఎక్కువ పడేది.

ఆ ఏడు మా చిన్న తోడికోడలికి కాన్పులోనే బిడ్డ పోయింది. కార్వేటినగరం పిల్ల, ఇరవై కూడా నిండలేదు. కంటతడి పెట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, చెప్పిన పని చేసేది, పెట్టింది తినేది. మామగారు దాన్ని పొగరన్నారు, రాతిగుండె అన్నారు, పుట్టింటికి పంపేస్తానన్నారు. మా మరిది తండ్రికి ఎదురు చెప్పే రకం కాదు, ఆ మాటకొస్తే మావారూ అంతే.

సరిగ్గా అప్పుడే సీరియల్లో ఒక తల్లి బిడ్డ శవం ముందు ఏడవకుండా నిలబడింది. వసారా అంతా ఆమెను దుమ్మెత్తిపోసింది. అత్త కట్టుబాటు గుర్తుచేసి నన్ను చదవడం ఆపమంది. అప్పుడు గోడకానుకుని గింజలు తీస్తున్న మా చిన్నది తలెత్తకుండానే అంది.

“ఏడిస్తే బిడ్డ సచ్చిపోయిందని నేనూ ఒప్పుకున్నట్టే గదక్కా. నేను గూడా ఒప్పుకుంటే ఇంగ దానికెవరుండారు?”

నెలల తర్వాత మేము విన్న ఆమె గొంతు అది. తన మాటగా చెప్పమంటే ఎన్నటికీ చెప్పేది కాదు. అత్త చింతపండు చేతులతోనే ఆమెను దగ్గరికి లాక్కుంది, అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.

ఆ సాయంత్రమే అత్త మామగారిని నిలదీసింది. “పంపించేదానికి ముందు ఆ పిల్ల సోట కూసోని ఒక్క మాట సెప్పయ్యా, ఎందుకట్లుండాదో. సెప్పినాక నీ ఇష్టం.” ఆడోళ్ల కతలు తనకొద్దన్నారాయన. వసారాలో విన్నవాళ్లంతా వచ్చి ఆ పిల్ల అన్న మాట చెప్పారు, నేనూ చెప్పాను, ఒక్కటీ చెవికెక్కలేదు. మర్నాడే ఆమెను బస్సెక్కించారు, వారపత్రిక మాన్పించారు, ఏడాది తిరక్కుండా మా మరిదికి మరో పెళ్లి చేశారు. ఊళ్లో మాది మర్యాదస్తుల ఇల్లనే పేరు.

కొన్నేళ్లకు అత్త పోయింది. మామగారు ఆమె తలదగ్గరే కూర్చున్నారు గాని కంట చుక్క రాలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఇదేం గుండె అని బంధువులు గుసగుసలాడారు. ఆయన మీద నాకెంత కోపమున్నా ఆ మనసులో ఏముందో తెలిసిపోయింది, తెలియకుంటే బాగుండునని కూడా అనిపించింది. ఏడిస్తే ఆమె పోయిందని ఒప్పుకున్నట్టవుతుంది, ఆయన్ను వదిలేయండి అని నేనే చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు.

అదే నాకు నేటికీ మింగుడుపడదు. ఆ పిల్ల కోసం వసారా అంతా చెప్పినా వినని ఇంట్లో, ఆయన కోసం నేనొక్కదాన్ని చెప్తే అందరూ విన్నారు. ఇప్పుడు చింతపండు గింజ తీసేసి పొట్లాల్లో వస్తోంది, వసారాలు లేవు, మనుషుల్ని ఒక్క మాటలో తేల్చేస్తుంటే ఆగమనడానికి మా అత్తలాంటివాళ్లూ లేరు. చిన్నది కార్వేటినగరంలో మళ్లీ ఎవరితోనైనా మనసిప్పి మాట్లాడిందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఆమె ఊసెత్తితే మాత్రం ఈ రోజుకీ పొగరుబోతనే అంటారు.